చేపలకు పుట్టమన్ను

ఆ బుధవారం పొద్దున వెంకటేశులు పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి, గాజుతొట్టి అడుగున పరవడానికి మంచి మన్ను చూసి తెచ్చుకోవాలి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాడికి మన్నుతో ఏం పని అంటారా? అదంతా ప్రేమ చేసిన పని.

హిందూపురంలో గోవిందరాజులు అనే పెద్దమనిషి ఉన్నాడు. వెంకటేశులుకు దూరపు చుట్టం, వరసకు మామ. బెంగుళూరులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అక్కడి దొరల ఇళ్ళు చూసి రంగుచేపల పిచ్చి అంటించుకుని వచ్చాడు. ఆయన కూతురు నీలావతి. చీరలు చూపించడానికి వెళ్ళినప్పుడు ఆ పిల్ల ఒక చీరను తిరగేసి, లోపలి పోగులు వేలితో తడిమి, "కొంగు వేరే చెయ్యి నేసినట్టుండాది" అన్నది. అది అక్షరాలా నిజం. మనవాడికి ఆ నిమిషమే మనసు పోయింది.

పిల్లనడిగితే గోవిందరాజులు అవుననలేదు, కాదనలేదు. ఒక గాజుతొట్టి, బిందెలో రెండు బంగారు చేపలు ఇచ్చి పంపాడు.

"వచ్చే శుక్రవారం కాదు, ఆ మీద శుక్రవారం వస్తా. చేపల్ని సాకలేనోడు ఆడపిల్లనేం సాకుతాడు? అడుగున ఏం పరవల్లో నువ్వే తెలుసుకో. అంతవరకు మా పిల్ల పేరు బయటికి రాకూడదు" అన్నాడు.

వెంకటేశులు మొదట చిత్రావతి ఏటి ఇసుక తెచ్చి, కడగకుండానే తొట్టిలో పోశాడు. నీళ్ళు కుడితి అయ్యాయి. అది తీసేసి గులకరాళ్ళు పోస్తే, చేపలకు వేసిన మెతుకులు రాళ్ళ సందుల్లోకి జారి కుళ్ళి ఇల్లంతా కంపు కొట్టింది. చేపలను తీసి అవ్వ కుళ్ళాయమ్మ మంచినీళ్ళ బానలో వేశాడు. ఆమె పూటకొకసారి "నా బాన ఎప్పుడిస్తావురా?" అని అడుగుతోంది. చూస్తుండగానే శుక్రవారం ఎల్లుండికి వచ్చింది.

ఇంట్లో మగ్గం నేసే ఈరన్న, మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే సలహా ఇచ్చాడు.

"ఇసుకొద్దు, రాళ్ళొద్దు. పుట్టమన్ను తెచ్చుకోప్పా. చెదలు నమిలి నమిలి పిండి చేసి పెట్టింటాయి. దానికన్నా మెత్తంది యాడుండాది?"

పట్టుతో బతికేవాళ్ళకు మెత్తనిదంతా మంచిదే అనిపిస్తుంది. వెంకటేశులు పార అందుకున్నాడు. అవ్వ అడ్డుపడింది.

"పుట్టంటే నాగప్ప ఇల్లురా. ఊరికే పార తీసుకోని పోతాండావా? కొత్తగంప తీసుకో. పసుపు కుంకుమ, పాలు పెట్టి మొక్కల్ల. బొట్టు లేనిదాన్ని, నేను రాకూడదు. ఈరన్న పెండ్లాన్ని తోడు తీసుకోని పో."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వైపు పెళ్ళిపనుల్లో మొదటిది పుట్టమన్ను తేవడమే. ముత్తైదువ పుట్టకు పూజచేసి కొత్తగంపలో మన్ను తెస్తే, అందులో నవధాన్యాలు చల్లి పెళ్ళి మొదలుపెడతారు. వెంకటేశులుకు ఇది తెలియక కాదు. ఆ పూట అతని తలనిండా చేపలే ఉన్నాయి.

తిరిగి వస్తుండగా పెళ్ళిళ్ళలో డోలు వాయించే ఓబన్న ఎదురుపడ్డాడు. కొత్తగంప చూశాడు. దానికి రాసిన పసుపు చూశాడు. వెనకాల వస్తున్న ముత్తైదువను చూశాడు.

"ఏమప్పా, పుట్టమన్నేనా?"

"ఆ."

"ఎవరికి?"

చేపలకంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే నీలావతి పేరు బయటికి వస్తుంది. వెంకటేశులు తల వంచుకుని "మా ఇంట్లోకే" అని నవ్వాడు. ముప్పై దాటిన బ్రహ్మచారి పుట్టమన్ను మోస్తూ సిగ్గుపడితే ఇక చెప్పేదేముంది?

"నన్ను పిలిచేది మరిచినట్టుండావు. పర్వాలేదులే" అని ఓబన్న ఇంట్లోంచి డోలు తగిలించుకుని వచ్చి ముందు నడిచాడు. వద్దంటే మొహమాటం అనుకుని ఇంకా గట్టిగా వాయించాడు.

ఇంటికి వచ్చి మన్ను పరిచి నీళ్ళు పోస్తే తొట్టి నిండా రాగి అంబలి తయారైంది. దాని సంగతి చూసే తీరిక వెంకటేశులుకు దొరకలేదు. వీధిలో వాళ్ళు వెదుళ్ళు తెచ్చి వాకిట్లో పందిరి వేయసాగారు. మరునాడు గోరంట్ల నుంచి మేనత్త గంగులమ్మ పరుపుచుట్టతో సహా దిగి ఏడుపు లంకించుకుంది.

"ఎత్తి సాకినదాన్ని, నాకు చెప్పకుండా పెండ్లా?"

"పెండ్లి కాదత్తా. చేపలకు."

"చేపలా? పెండ్లిలో చేపలు వండేది మన ఇండ్లల్లో యాడన్నా ఉండాదా?" అని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

కబురు రైలెక్కింది. ధర్మవరంలో ఎక్కేటప్పుడు "వెంకటేశులుకు పెండ్లంట" అని ఎక్కింది. పెనుకొండలో "రేపేనంట" అయింది. హిందూపురంలో దిగేసరికి పెళ్ళి అయిపోయి, పెళ్ళికూతురు కాపురానికి కూడా వచ్చేసింది.

శుక్రవారం గోవిందరాజులు మండిపడుతూ వచ్చాడు. వద్దన్నా వినకుండా నీలావతి కూడా వెంట వచ్చింది. ఏడ్చిందని కళ్ళు చూడగానే తెలుస్తోంది. వెంకటేశులు ప్రాణం ఉసూరుమంది.

"నా కూతుర్ని అడిగి ఇంకో పిల్లను చేసుకుంటావా? యాడ ఆ పిల్ల?"

"ఏ పిల్లా లేదు మామా."

"పుట్టమన్ను తెచ్చినావంట కదా."

"తొట్టికి తెచ్చినా. చేపలకు."

పందిట్లో ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. గోవిందరాజులు తొట్టిలో మోచేతి దాకా చెయ్యి ముంచి బంక తీసి చూశాడు.

"బంకమన్నా వేసేది? మెత్తంది నీళ్ళలో కలిసి చేపకు ఊపిరాడనీదు. జొన్నగింజంత ఇసుక కావల్ల. తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, రెండు వేళ్ళ మందం పరవల్ల. పోయినాయా నా చేపలు? ఇంక పిల్ల మాట ఎత్తొద్దు."

వెంకటేశులు లోపలి బాన వైపు చెయ్యి చూపించాడు. "ఆ నీళ్ళు చూసినాక వాటిని దాంట్లో వదిలేకి చేతులు రాలేదు మామా. అవ్వ బానలోనే ఉండాయి."

నీలావతి వెళ్ళి బానలోకి తొంగి చూసింది. రెండు చేపలూ తేటనీళ్ళలో నిక్షేపంగా తిరుగుతున్నాయి. పైకి తిట్టిపోస్తూనే అవ్వ రోజూ నీళ్ళు మార్చి మెతుకులు వేసేది కాబోలు, బాగా ఒళ్ళు చేశాయి కూడా.

"నాయనా, బాన అడుగున ఏం పరవలేదు" అన్నదా పిల్ల. "తెలియనప్పుడు దీంట్లో కూడా ఏదో ఒకటి కుమ్మరించకుండా చేపల్ని కాపాడినాడు. నాకు అది చాలు."

గోవిందరాజులు కూతురి ముఖం చూశాడు. పందిరి చూశాడు. పరుపుచుట్ట మీద కూర్చున్న గంగులమ్మను చూశాడు.

"పందిరి వేసినారు, చుట్టాలొచ్చినారు. పిల్ల ఒక్కటే తక్కువ" అని మెల్లగా చెయ్యి కడుక్కున్నాడు. "పురోహితుణ్ణి పిలవండి, ముహూర్తం చూస్తాడు."

ముహూర్తం మరుసటి నెలలో కుదిరింది. తొట్టిలో కలిసిన మన్ను పెళ్ళికి పనికిరాదు కనుక, వెంకటేశులు మళ్ళీ కొత్తగంపతో, ముత్తైదువలతో, ముందు ఓబన్న డోలుతో వీధి వెంట పుట్టమన్ను తెచ్చాడు. ఊళ్ళోవాళ్ళు తల తిప్పి చూసి, "చేపలకులే" అని ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు.