నంబర్లు లేని కుటుంబం

"ఇకమీదట ప్రతి అర్జీకీ ఇరవై నాలుగు గంటల్లో ఆప్యాయంగా జవాబు వెళ్తుంది" అని మంత్రిగారు ప్రకటించారు. సభ దద్దరిల్లింది. వెనక వరసలో కూర్చున్న టైపిస్టమ్మ మాత్రం వేళ్లు విరుచుకుంది. పేషీలో పేరుకుపోయిన అర్జీలు నలభై వేలు మరి.

వాటిలో ఒకటి ఆమె అత్తగారిది. వాళ్ల సందులో కుళాయికి ఆరు నెలలుగా నీళ్లు లేవు. వారానికి రెండుసార్లు ట్యాంకరు వస్తే, మూడంతస్తులూ బిందెలు మోసేది టైపిస్టమ్మే. "నీ ఆఫీసే కదే, నా కాగితం కాస్త పైన పెట్టలేవూ?" అని అత్తగారు రోజూ సాధిస్తోంది.

మర్నాడు కంప్యూటరాయన వచ్చి పద్ధతి వివరించాడు. అర్జీలన్నీ ఒకే ఫైల్లో మూటగట్టి, ఏపీఐ అనే కంప్యూటరు దారి గుండా, జవాబులు రాసే యంత్రానికి పంపుతారు. అక్కడే కూర్చుని ఎదురుచూడనక్కర్లేదు. అది తీరిగ్గా రాసిపెడుతుంది, రేపు తెచ్చుకోవడమే.

"ఒక్కటే జాగ్రత్త సార్. పంపిన వరసలో జవాబులు రావు. ఏది ముందు అయితే అది ముందొస్తుంది. అందుకే ప్రతి అర్జీకీ ఒక నంబరు వేశాను. అది చూసి జత కలపాలి."

పి.ఎ.గారు ముఖం చిట్లించారు. "నంబరా? 'ప్రజలు నాకు నంబర్లు కారు, నా కుటుంబం' అని మంత్రిగారు మొన్ననే కదయ్యా అన్నది!"

"అది వేరే సార్..."

"కుటుంబంలో ఎవరైనా నంబర్లు వేసుకుంటారా? మీ ఇంట్లో నీ నంబరెంత?"

కంప్యూటరాయనకు ఇంట్లో తన స్థానం గుర్తొచ్చిందేమో, నంబర్లన్నీ తీసేశాడు. మంత్రిగారి మానవత్వానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

"మరి జత ఎలాగండీ?" అంది టైపిస్టమ్మ.

"వరసగా కలిపెయ్యమ్మా. ప్రభుత్వంలో వరస తప్పదు."

జవాబులు చెప్పిన వేళకే వచ్చాయి. ఒక్కొక్కటీ వెన్నపూసలా ఉంది. నలభై వేల కవర్లు ఒక్క రోజులో బయటికెళ్లాయి. అత్తగారికీ వచ్చింది: "కవివర్యా, మీ తొలి సంపుటికి ముందుమాట రాయడం నా అదృష్టం."

"ఏమే, నేను కవిత్వం రాస్తానని ఆయనకెవరు చెప్పారే?"

"మీరు రాస్తారా అత్తయ్యా?"

"ఇప్పటిదాకా రాయలేదు. అంత పెద్దాయన అన్నాక రాయకపోతే ఏం బావుంటుంది?" అని అత్తగారు మనవరాలి నోటుబుక్కు లాక్కుని కూర్చుంది.

మూడోరోజు ఓ రిటైరైన మాస్టారు కవరు పట్టుకుని పేషీకి వచ్చాడు. "అమ్మా, నా పుస్తకానికి ముందుమాట అడిగితే, 'మీ కుళాయి బాధ్యత నాది' అంటున్నారు. మా ఇంట్లో నీళ్లు బాగానే వస్తాయే!"

టైపిస్టమ్మ ఉత్తరం అందుకుని చూసింది. సందు పేరుతో సహా ఉంది. వారంలో నీళ్లు. కింద మంత్రిగారి సంతకం. దాన్ని కళ్లకద్దుకుని, మాస్టారి ఉత్తరం రేపు తెచ్చిస్తానని మాటిచ్చి, పూట సెలవు పెట్టి నీటి సరఫరా ఇంజనీరు దగ్గరికి పరుగెత్తింది.

ఇంజనీరు ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "ఎంత బాగా రాశారమ్మా!"

"నీళ్లెప్పుడొస్తాయండీ?"

ఆయన కంప్యూటర్లో వెతికాడు. "మీ సందు ఫిర్యాదు పరిష్కారమైపోయిందే!"

"ఎప్పుడండీ?"

"జవాబు వెళ్లిన రోజే. జవాబు వెళ్లగానే దానంతటదే పరిష్కారం కింద పడిపోతుంది. నలభై వేలూ ఒక్కరోజులో! నా సర్వీసులో చూడలేదు."

"అసలు అర్జీ మీదాకా రాలేదా?"

"పరిష్కారమైనవి మాకెందుకమ్మా వస్తాయి?"

"కుళాయిలో చుక్క లేదండీ. ట్యాంకరు మీదే బతుకుతున్నాం."

"ట్యాంకరా? నిన్ననే ఆపేశాం. సమస్య లేని సందుకు ట్యాంకరెందుకూ?"

టైపిస్టమ్మ ఉత్తరాన్ని మళ్లీ ఆయన ముందుకు తోసింది. "మరిప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"కంగారు పడకండి. కూర్చోండి" అంటూ ఇంజనీరు తెల్లకాగితం, పెన్నూ ఆమె ముందుకు జరిపాడు. "కొత్త అర్జీ రాసివ్వండి. రేపీపాటికల్లా జవాబు వచ్చేస్తుంది."