కాళ్ళ మీద పడిన బండి

మా గోడౌన్‌లో ప్రమాదాలను సమూలంగా నిర్మూలించినట్టు యాజమాన్యం సగర్వంగా ప్రకటించింది. ప్రమాదం అనే మాటను నిషేధించారు. అంతే, మర్నాటి నుంచి ఒక్కటీ జరగలేదు.

పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండికి హారన్ పోయింది. బాగుచేయాలంటే ఒక పూట బండి ఆపాలి, ఆపితే పెట్టెలు ఆలస్యమవుతాయి. అందుచేత బండి వెనక్కి వచ్చేటప్పుడు దారిలో ఉన్నవాళ్ళే "పీం పీం" అని అరవాలని మేనేజరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ప్రాణం ఎవరిదైతే హారన్ వాళ్ళదే కదా!

హమాలీ గెడకర్రకు ఆ రోజు జలుబు. మనిషి పొడుగని అందరూ అలా పిలుస్తారు. తుమ్మూ, పీం పీమూ ఒకేసారి రావు. పాపం, తుమ్మే ముందొచ్చింది. బండి కాలి మీదికెక్కింది. సూపర్‌వైజరు ఆ నిషిద్ధమైన మాట అనడానికి భయపడి, "బండి ఇతని కాళ్ళ మీద పడింది సార్" అని విన్నవించుకున్నాడు.

మేనేజరుగారి మొహం వెలిగిపోయింది. ఆస్పత్రికి స్వయంగా వచ్చి ఉపన్యసించారు.

"కాళ్ళ మీద పడటమంటే ఏంటయ్యా? క్షమించమని వేడుకోవడం! అంత ఇనుప బండి నీ కాళ్ళ మీద పడిందంటే నీ అదృష్టమే అదృష్టం. నాకే జరగలేదు ఇంత మర్యాద!"

గర్వపడాలో ఏడవాలో గెడకర్రకు తోచలేదు. భార్య మాత్రం ఊరుకోలేదు.

"మర్యాద సంగతి సరే సార్. రేపట్నుంచి ఆ చోట మా తమ్ముణ్ణి నిలబెడుతున్నారంట. వాడిది అసలే పీల గొంతు. ఆ హారనేదో చేయించండి."

గెడకర్ర మంచం మీద లేచి కూర్చున్నాడు. బావమరిదిని పనిలో పెట్టించింది తనే. వాడికేమన్నా అయితే భార్యకు మొహం ఎలా చూపిస్తాడు?

మేనేజరుగారు హారన్‌కు బదులు గెడకర్రకు గోడౌన్‌లోనే సన్మానం ఏర్పాటు చేయించారు. సభ జరుగుతున్నా బండి ఆగలేదు, పెట్టెలు ఆలస్యమవుతాయిగా. "ఈ బండి వినయానికి నిలువెత్తు రూపం!" అని ఆయన గొంతెత్తగానే చప్పట్లు మోగాయి. ఆ మోతలో బావమరిది "పీం పీం" కలిసిపోయింది. గెడకర్ర ఊతకర్ర వదిలేసి ఒక్క ఉదుటున వాణ్ణి పక్కకు లాగాడు. బండి వెళ్ళి మేనేజరుగారి కాళ్ళ మీద పడింది.

"చచ్చాన్రోయ్! ప్రమాదం! ప్రమాదం!"

చప్పట్లు రెట్టింపయ్యాయి.

"అంత మాటనకండి సార్, నిషేధం!" అన్నాడు గెడకర్ర భక్తిగా. "మర్యాదేగా చేసింది!"

ఆ మధ్యాహ్నమే కొత్త హారన్ వచ్చింది. బండి ఆపారు. మెకానిక్ సగం బిగించాడో లేదో, ఆఫీసులో ఫోను మోగింది. ఆర్డరిచ్చిన పెట్టె ఇంకా ఇంటికి రాలేదేమని ఎవరో తిట్టిపోస్తున్నారు. హారన్ పక్కన పడేసి బండి తోలేశారు.

బావమరిది ఇప్పటికీ "పీం పీం" అంటూనే ఉన్నాడు. అన్నట్టు, మీ పెట్టె అందిందా అండీ?