అడిక్వేట్ తిండి

ఎనభైలలో ఒక కరువేడు. ఆదోని కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే భీమసేనరావు ఆ ఉదయం మహా హుషారుగా లేచాడు. కరువు చూడడానికి ఢిల్లీ నుంచి వచ్చిన మాథుర్ అనే అధికారిని జీపులో కోసిగి దిక్కున ఒక పల్లెకు తీసుకుపోవాలి, ఆయన మాటలు ఊరివాళ్లకూ వాళ్ల మాటలు ఆయనకూ అర్థమయ్యేలా చెప్పాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. అంతే పని. మాథుర్ ఆ ఊరి తిండి గురించి తన కాగితం మీద ఒక్క మాట రాస్తాడు. ‘ఇనడిక్వేట్’ అని రాస్తే కరువు పని కింద రోడ్డు మంజూరవుతుంది, జనానికి కూలి దొరుకుతుంది. ‘అడిక్వేట్’ అని రాశాడా, ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలేసి, చంటిపిల్లలతో సహా సుగ్గికి పోవలసిందే. పరాయి జిల్లాలకు కూలికి వలసపోవడాన్ని ఆ పక్క అలా అంటారు.

అడిక్వేట్ అనే మాటంటే రావుకు ప్రాణం. ఎమ్మిగనూరులో వెలువడే ఒక వారపత్రికకు ఆయన రాసే వ్యాసాల్లో వాన అడిక్వేట్, ఎరువు అడిక్వేట్, పంచవర్ష ప్రణాళిక మాత్రం ఎప్పుడూ ఇనడిక్వేట్.

“చాలినంత అని రాస్తే ఏం పోయిందండీ?” అంది భార్య అంబాబాయి, ఉప్మా వడ్డిస్తూ.

“చాలడమనేది వంటింటి మాటే. దానికి కొలతా లేదు, శాస్త్రమూ లేదు. రాజ్యాంగ వ్యవహారాలకు పనికిరాదు.”

“అట్లయితే ఉప్మా అడిక్వేట్‌గా తిని పోండి. పాపం, కరువు ఊరు. ఆడ మీకు ఎవరు పెడతారు?”

రావు చేసిన తప్పల్లా ఒక్కటే. వారం ముందు ఆ పల్లెకు పోయి, ఊరికి పెద్ద దిక్కయిన బసవన్నతో, “ఢిల్లీ నుంచి పెద్దమనిషి వస్తాండాడప్పా, ఊరి బతుకంతా ఆయన చేతిలో ఉంది” అని చెప్పి వచ్చేశాడు. పెద్దమనిషి వస్తే ఆ ఊరివాళ్లు ఏం చేస్తారో ఆలోచించలేదు.

జీపు దిగి చూస్తే బసవన్న ఇల్లు ఎర్రమన్నుతో అలికి, ముగ్గులేసి పెళ్లివారిల్లులా ఉంది. కొత్త చాప, తళతళలాడే ఇత్తడి చెంబు, మూలన నిండు బియ్యం మూట. మాథుర్ కాగితం తీసి, తిండి అడిక్వేట్‌గా ఉందా అని అడిగాడు.

“బసవన్నా, ఇంట్లో తిండి చాలినంత ఉందా అని అడుగుతాండారు” అన్నాడు రావు, లేదనమని కళ్లతో బతిమాలుతూ.

“మాకేం తక్కువ సామీ! దండిగా ఉంది. కూసోండి, తినిపోండి!” అని బసవన్న బియ్యం మూట మీద చెయ్యేసి చరిచాడు. ఆ చరుపుకు అనువాదం అవసరం లేకపోయింది. మాథుర్ పెన్సిలు తీసి ‘అడిక్వేట్’ అని రాసేశాడు.

రావుకు పై ప్రాణాలు పైనే పోయాయి. బసవన్నను పెరట్లోకి లాక్కుపోయాడు.

“కొంప ముంచినావు కదప్పా! లేదని చెప్పల్ల!”

“ఇంటికొచ్చినోళ్ల మొగాన లేదని ఎట్ల సెప్పేది సారూ? రేపు మా గడప ఎవురన్నా తొక్కుతారా?”

“ఆ బియ్యం యాడివి?”

“ఊరందరివీ. తలా గిద్దెడు పోసినారు. పెద్దమనిషి వస్తాడని మీరే సెప్తిరి కదా!”

లోపల బసవన్న భార్య ఉరుకుందమ్మ అప్పటికే విస్తరి వేసేసింది. జొన్న రొట్టెలు, గురెళ్ల కారం, అన్నం, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. మాథుర్ లొట్టలేసుకుంటూ తిన్నాడు.

పక్కిల్లు యేసేపుది. అక్కడైనా నిజం బయటపడకపోతుందా అని రావు ఆశపడ్డాడు. గడప దాటగానే మూలన బియ్యం మూట కనిపించింది. దానికి అదే నీలం అతుకు. పక్కన అదే చాప, అదే చెంబు. ముఖం మీదికి కొంగు లాక్కుని గరిటె పట్టుకుని నిలబడింది కూడా అదే ఉరుకుందమ్మ! వీళ్లు వీధిలోంచి వచ్చేలోగా సరంజామా అంతా పెరటి దారిన వచ్చేసింది.

“బసవన్న ఇంట్ల తిని మా ఇంట్ల తినకపోతే ఎట్ల సామీ? మేమేం పాపం సేసినాము?” అన్నాడు యేసేపు. మాథుర్ ‘అడిక్వేట్’ అని రాసి, మళ్లీ తిన్నాడు.

మూడో ఇంటికి వచ్చేసరికి ఆయన బెల్టు వదులు చేశాడు. ఉరుకుందమ్మ అన్నం పెట్టింది. “బస్, బస్” అన్నాడు. ఇంకో గరిటె పెట్టింది. విస్తరికి చెయ్యడ్డం పెట్టాడు, ఆ చేతి మీదే ఓళిగ వేసింది. “ఎనఫ్! సఫిషియెంట్! అడిక్వేట్!” అని ఇంగ్లీషులో ఉన్న మాటలన్నీ వాడేసి, చివరికి విస్తరి మీద బోర్లా వాలిపోయాడు.

“ఏమంటాండాడు సారూ?” అంది ఉరుకుందమ్మ.

“చాలంట తల్లీ.”

“అట్లనే అంటారులే, మొగమాటం!” అని ఆయన మోచేతుల సందులోంచి ఇంకో ఓళిగ తోసింది.

మాథుర్ ఏడుపు గొంతుతో, “రావుజీ, నేను చాలంటే ఈమె ఎందుకు నమ్మదు?” అన్నాడు.

రావుకు ఒళ్లు మండింది. “ఈ ఊళ్లో ఎవరూ నమ్మరు సార్! తినేవాడు చాలనేది మొహమాటానికి, పెట్టేవాళ్లు ఉందనేది మర్యాదకు. పొద్దుటినుంచి నమ్ముతున్నది మీరొక్కరే!” అనేసి నాలుక కరుచుకున్నాడు.

మాథుర్ తల ఎత్తాడు. లేవబోయి లేవలేకపోతే ఇద్దరు పట్టి లేపారు. గాలికోసం పెరట్లోకి అడుగుపెట్టేసరికి, బియ్యం మూట బసవన్న భుజమెక్కి నాలుగో ఇంటికి పరుగెడుతోంది. వెనక చెంబుతో యేసేపు, చాపతో ఇంకెవరో. అధికారిని చూసి బసవన్న ఉలిక్కిపడి మూట వదిలేశాడు. మూట పిగిలింది. పైన నాలుగు దోసిళ్ల బియ్యం, కింద అంతా శెనక్కాయ పొట్టు.

బసవన్న తలెత్తలేదు. ఉరుకుందమ్మ మట్టిలో పడ్డ బియ్యాన్ని కొంగులోకి ఏరుకుంటుంటే రావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మాథుర్ పెన్సిలు తీసి, రాసినవన్నీ కొట్టేసి, కాగితానికి అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘ఇనడిక్వేట్’ అని రాశాడు.

“ఏం రాసినాడు సారూ?” అని అడిగింది ఉరుకుందమ్మ.

“మీ ఇండ్లలో తిండి లేదని రాసినారు తల్లీ! రోడ్డు పని వస్తుంది!” రావు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“ఏమీ! మూడిండ్లలో మెక్కి, నా ఇంట్ల తిండి లేదని రాస్తాడా!” ఉరుకుందమ్మ ఓళిగల తట్ట ఎత్తుకుని జీపు మీదికి ఉరికింది. మాథుర్ అంత బరువు పొట్టతో అంత వేగంగా జీపెక్కడం రావు కళ్లారా చూశాడు. “చలో, చలో!” అని డ్రైవరు వీపు మీద బాదుతూనే ఉన్నాడు. జీపు దుమ్ములో కలిసేదాకా ఓళిగలు వెనక సీట్లో పడుతూనే ఉన్నాయి.

రోడ్డు పని వచ్చింది. ఆ ఏడు ఆ ఊరినుంచి ఎవరూ సుగ్గికి పోలేదు. పని ఎలా సాగుతోందో చూడడానికి రావు ఒక మిట్టమధ్యాహ్నం ఆకలితో పోయి బసవన్న ఇంటి ముందు నిలబడ్డాడు. ఉరుకుందమ్మ లోటాతో నీళ్లు తెచ్చింది.

“మా ఇంట్ల తిండి లేదు కదా సారూ, మీరే రాయిస్తిరి. నీళ్లు తాగండి. సాలునా?”

“చాలమ్మా” అన్నాడు రావు మొహమాటంగా.

ఆ ఊళ్లో ఆ మాటను నమ్మడం అదే మొదటిసారి.