వదిన కయాకూ, ఎదురొచ్చిన స్పీడ్ బోటూ

కయాక్ నడిపేవాళ్ళకి స్పీడ్ బోటును మించిన ఆప్తబంధువు లేడని నేను బల్లగుద్ది చెబుతాను! నమ్మరా? అయితే మా వదిన సంగతి వినండి.

వదిన కళ్ళజోళ్ళ షాపులో చూపు పరీక్షలు చేస్తుంది. వారమంతా చీకటిగదిలో నిలబడి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగీ అడిగీ ఆవిడకి నడుం పట్టేసింది. వ్యాయామం చెయ్యమన్నాడు డాక్టరు. పసుపురంగు కయాక్ కొనుక్కుంది, అదే, కాళ్ళు లోపలికి చాపుకుని తెడ్డు వేసే సన్నటి పడవ. అందులో ఒక్కరికే చోటు. అన్నయ్య వెంట రాలేడు. దానికున్న సుగుణాల్లో అదే పెద్దదట.

ఆదివారం పొద్దున్నే ఊరి సరస్సులో తెడ్డు వేసుకుంటూ ఆ ఒడ్డుదాకా వెళ్ళి వచ్చేది. రెల్లు, బాతులు, నిశ్శబ్దం. ఇంత నిశ్శబ్దం ఒంటికి మంచిదా, మీరే చెప్పండి! మనిషి ఆలోచనలో పడిపోడూ?

స్పీడ్ బోట్లు వచ్చి ఆ ప్రమాదం తప్పించాయి. పక్కనుంచి బోటు దూసుకుపోతే అల లేస్తుంది. కయాక్ ఊగుతుంది. నడుం దానంతటదే అటూ ఇటూ తిరుగుతుంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్తే అపాయింట్‌మెంట్ కావాలి. బోటాయన పిలవకుండానే వస్తాడు!

పోయిన నెల ఒక ఆదివారం ఈ సేవ కాస్త శ్రుతి మించింది. ఎర్ర బోటొకటి తిన్నగా వదిన మీదికే వచ్చింది. ఆవిడ తెడ్డెత్తి ఊపింది, గొంతు చించుకుని అరిచింది. ఆఖరి క్షణంలో బోటు పక్కకి తిరిగింది. అల మాత్రం తిరగలేదు. కయాక్ బోర్లాపడింది. వదిన నీళ్ళలో తలకిందులుగా ఉంది, ఒక కాలు లోపల ఇరుక్కుపోయింది. వెలుగు కనిపిస్తోంది, అందడం లేదు. బూటు వదిలేసి కాలు లాక్కుంటే గానీ పైకి తేలలేకపోయింది. ఈ ఒక్క పేరాలో నాకు వేళాకోళం రావడం లేదు, మన్నించండి.

బోటాయన మంచివాడే. వెనక్కి వచ్చి చెయ్యందించాడు. "సారీ అక్కా! నిజంగా కనిపించలేదు."

"పసుపు పడవ, నారింజ జాకెట్టు, ఇంత మనిషిని... కనిపించలేదా?" వదిన నీళ్ళు కక్కుతూనే అంది. "రేపు మా షాపుకి రా బాబూ. కళ్ళు చూస్తాను."

మాట మీద నిలబడి వచ్చాడు. చీమతలకాయంత అక్షరాలున్న ఆఖరి వరసని కూడా గడగడా చదివేశాడు.

"చూపు బ్రహ్మాండంగా ఉందే! మరి నేనెందుకు కనిపించలేదు?"

అతను తల గోక్కున్నాడు. "అటు చూడలేదక్కా. వెనకాల మా బావమరిది తాడు పట్టుకుని నీళ్ళమీద జారుతున్నాడు. వాణ్ణి వీడియో తీస్తున్నా."

"మరి బోటెవరు నడుపుతున్నారు?"

"అదే పోతుందక్కా. నీళ్ళే కదా!"

కయాక్‌ల దగ్గర స్పీడు తగ్గించాలనీ, నడిపేవాడు ముందుకు చూడాలనీ వదిన సరస్సు కమిటీకి అర్జీ పెట్టింది. కమిటీలో అందరూ బోట్లున్న పెద్దమనుషులే. అంటే అనుభవజ్ఞులన్నమాట! మూడు గంటలు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇకమీదట కయాక్ మీద నిలువెత్తు కర్రకి జెండా కట్టాలి. మిణుకుమిణుకు లైటు పెట్టాలి. మెడలో విజిల్ వేసుకోవాలి. బోటొస్తే ఎండని అటు కొట్టడానికి అద్దం కూడా ఉండాలి. తెడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడ దొరుకుతుందో మాత్రం రాయలేదు.

"మరి బోట్ల సంగతేంటండీ?" అని వదిన అడిగింది.

"వాళ్ళకీ పెట్టామమ్మా రూలు," అన్నాడు అధ్యక్షుడు గంభీరంగా. "కయాక్ కనిపిస్తే స్పీడు తగ్గించి తీరాలి."

"కనిపిస్తేనా?"

"ఆఁ, కనిపిస్తేనే."

ఎంత పకడ్బందీ రూలో చూశారా! బోటాయనలందరూ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. అప్పటినుంచీ ఆ సరస్సులో ఒక్కరంటే ఒక్కరు ముందుకు చూడటం లేదు!