నోరు మూసుకునే పరీక్ష

నా నోటికి తాళం వేయడం మా ఆవిడ వల్లే కాలేదు. ఆ పని చేస్తామని ఉపాధ్యాయుల సర్టిఫికెట్ పరీక్షవాళ్ళు బయల్దేరారు!

లెక్కల పేపరు గట్టెక్కాను. తరగతిని అదుపులో పెట్టడం మీద ఇంకో పేపరూ గట్టెక్కాను. ఇక మిగిలింది, చదువు మర్చిపోయిన పెద్దవాళ్ళెవరికైనా ఎగ్జామినర్ ఎదుట ఓ లెక్క నేర్పడం. ప్రశ్న అడిగాక వాళ్ళు ఆలోచించుకునేదాకా మాస్టారు నోరు మెదపకూడదట. మెదిపితే వచ్చే ఏడాది నుంచి తరగతిలోకి రానివ్వరు, స్టోర్‌రూములో సుద్దముక్కలు పంచిపెడుతూ కూర్చోవాలి. పాఠం చెప్పని రోజు నాకు అన్నం సయించదండీ!

నాకో జబ్బుంది. ప్రశ్న నాదే, జవాబూ నాదే. పిల్లలు నన్ను ‘సొంతజవాబు మాస్టారు’ అంటారు.

అందుకే ఓ పథకం వేశాను. శిష్యురాలిగా మా ఆవిడనే కూర్చోబెట్టి, జవాబు ముందే బట్టీ పట్టిస్తే నేను ఆగాల్సిన పనే ఉండదు.

“సగమూ మూడోవంతూ కలిపితే ఎంత అంటాను. ఆరింట అయిదు వంతులు అను.”

“ఎలా అయింది?”

“ఎలాగైతే నీకెందుకే? అడగ్గానే అనెయ్!”

“ఇదేనా మీరు బడిలో వెలగబెట్టేది?”

“నీకు దణ్ణం పెడతాను.”

“సరే మహానుభావా,” అని నవ్వింది. ఆ నవ్వు చూసైనా నేను జాగ్రత్తపడాల్సింది.

ఆ రోజు రానే వచ్చింది. ఎగ్జామినర్ మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు. “సగమూ మూడోవంతూ కలిపితే ఎంత?” అని అడిగాను.

మా ఆవిడ తీరిగ్గా ఫ్యాను వైపు చూసింది.

కనుబొమలెగరేశాను. దగ్గాను. వేళ్ళు చూపిద్దామంటే మేడమ్ చూపు నా మీదే ఉంది. జవాబు గొంతుదాకా వచ్చేసింది. గత్యంతరం లేక సుద్దముక్క నోట్లో పెట్టి కొరికాను.

“అయిదింట రెండు,” అంది చివరికి.

నోటినిండా సుద్ద ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే కేకలేసేవాణ్ణే. ఎలాగో మింగి, “అది సగం కన్నా ఎక్కువా, తక్కువా?” అన్నాను.

మళ్ళీ ఫ్యాను. మళ్ళీ సుద్ద.

“అయ్యో, తక్కువండీ!” అంటూ ఒక్కసారిగా లేచింది. “సగానికి ఇంకాస్త కలిపితే సగం కన్నా తగ్గడమేమిటి, విడ్డూరం కాకపోతే!”

కాగితం లాక్కుని ఆరు భాగాలు వచ్చేలా మడిచింది. సగానికి మూడు, మూడోవంతుకి రెండు లెక్కపెట్టి, “ఆరింట అయిదు!” అని అరిచింది.

“ఎంత ఓపికండీ మీకు!” అన్నారు మేడమ్. “ఒక్క ముక్క అందించకుండా ఆవిడ చేతే చెప్పించారు. మీరు పాసయ్యారు.”

సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. సుద్ద పుణ్యమా అని పళ్ళు కూడా తెల్లగా మెరిశాయట.

ఇంటికి రాగానే విరుచుకుపడ్డాను. “నన్నెందుకే అలా చంపావు?”

“చిలకలా అప్పజెప్పేస్తే ఆ మేడమ్ నమ్ముతుందా? ఉద్యోగం మీదికొస్తే మీరూ ఆగగలరని నాకు తెలుసు,” అంటూ బట్టలు మడతపెట్టడానికి కూర్చుంది. “అవునుగానీ, మా అమ్మావాళ్ళు వచ్చి ఓ వారం ఉంటారట. మీరేమంటారు?”

నేనిప్పుడు సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి కదా, బింకంగా ఊరుకున్నాను. ఆవిడా ఊరుకుంది. నాకు ఊపిరాడలేదు.

“సరే, రమ్మను.”

ఆవిడ ఓ చొక్కా అందుకుంది.

“వారమేమిటి, నెల ఉండమను!”

చొక్కా దులిపి మడత పెట్టింది.

“మీ తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మనవే!” అని అరిచేశాను.

“అంతా మీ నోటితోనే అన్నారు, నేనడిగింది వారమే సుమండీ,” అంటూ ఫోను అందుకుంది.