ఊఁగారి ప్రశంసా సమరము

ఓ పలుకులతల్లీ! కథ చెప్పబోవు నాకు నీవు మాటలివ్వనక్కరలేదు. నా దగ్గర అవసరమునకు మించియే యున్నవి. కాస్త దయదలచి, వానిలో రెండు మాటలు మా కథానాయకుని నోట పెట్టుము తల్లీ. అవి లేకనే అతని కొంప మునుగబోవుచున్నది.

అనంతకాలచక్రపరిభ్రమణమున ఆదియు అంతమును గాక, కేవలము నెలాఖరుకు ముందటి శుక్రవారమైన ఒకానొక దినమున, సహస్రకిరణుడు పగిలిన కిటికీరెక్క సందుగా లోనికి తొంగిచూచి, గాలిలో తేలియాడు దూదిపొడిని బంగరుపొడిగా మార్చుచున్న శుభవేళ, కుడివైపున టైర్ల దుకాణమును ఎడమవైపున పంటివైద్యుని గదియు కావలి గాయుచుండగా, రేకులకప్పే కిరీటముగా విరాజిల్లు ఒక చిన్న సోఫాల కార్ఖానాలో జరిగిన ఘోరసంగ్రామమును వర్ణించెదను, వినుడు. నెత్తురు చిందలేదు. ఏనుగులు కూలలేదు. ఒక సోఫాకాలు మాత్రము విరిగినది, అదియు వేరే సంగతి.

ఆ కార్ఖానాకు అధిపతి స్పాంజిపర్వతమధ్యసంచారి, కొలతటేపుకంఠాభరణుడు, బేరసారసమరవిజేత. ఆ మహానుభావునికి ఒక్కటే లోపము. ఎదుటివారిని మెచ్చుకొనలేడు. మెచ్చుకోలు పుట్టదా అనిన, భేషుగ్గా పుట్టును. గుండెలో పుట్టి, గొంతుమెట్లెక్కి, నాలుకవాకిటి వరకు వచ్చును. అక్కడ దానికేమగునో ఏమో, పెదవులు దాటునప్పటికి ఒక్క "ఊఁ" మాత్రము మిగులును. ఇల్లాలు కొత్తచీర కట్టుకొని ఎట్లున్నదనిన ఊఁ. కొడుకు పరీక్షలో మొదటివాడుగా నిలిచిన ఊఁ. అందుచేత పనివారందరు చాటున అతనిని ఊఁగారు అని పిలుచుకొందురు. ఆ సంగతి అతనికిని తెలియును. తెలిసి ఏమనును పాపము? ఊఁ అనును.

అట్టి ఊఁగారి సన్నిధికి ఆ ఉదయమున చిన్నకోడలు విచ్చేసెను. ఈమె సామాన్యురాలు కాదు. హెచ్.ఆర్. కోర్సు చదివి, రెండు స్పాంజిచుట్టల నడుమ బల్ల వేయించుకొని, నియామకపత్రమనగా ఏమో ఎరుగని వారికి నియామకపత్రములిచ్చి, సెలవనగా జ్వరమే యని నమ్మినవారికి జ్వరము లేకున్నను సెలవుండునని నేర్పిన వనిత.

"మావయ్యగారూ, మిషనక్క వెళ్ళిపోయేలా ఉంది" అనెను.

ఊఁగారి చేతిలోని సుద్దముక్క జారిపడెను. మిషనక్క యనగా ఆ కార్ఖానాలో సోఫాలకు ముసుగులు కుట్టునామె. రేకులషెడ్డులో ఒకే ఒక్క మిషను ఉన్న కాలమునుండి ఆ మిషను వెనుక ఉన్నది ఆమెయే. ఆమె కుట్టు సోఫా మూలను ఎంత తడిమినను, గుడ్డ ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైనదో వ్రేలికి తెలియదు.

"ఎక్కడికట?" అనెను ఊఁగారు.

"ఎదురువీధిలో కొత్తగా తెరిచారే పెద్ద షోరూము, వాళ్ళు రమ్మంటున్నారట. సాయంత్రానికల్లా ఏదో ఒక మాట చెప్తానందట."

"జీతం పెంచుదాం."

"అడిగాను. జీతం సంగతి కాదమ్మా అంది. ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారంటే ఒక్కసారి కూడా బాగుంది అనలేదట."

"ఊఁ."

"అదిగో! సరిగ్గా దాని గురించే చెప్తోంది."

ఊఁగారు చివాలున లేచెను. "అదేంటమ్మా! బాగోకపోతే తిట్టేవాణ్ణిగా? తిట్టలేదంటే బాగున్నట్టేగా?"

"తిట్టలేదన్న సంగతి ఇంటికెళ్ళి పిల్లలకి చెప్పుకుంటారా ఎవరైనా? పెద్ద కంపెనీల్లో ఒకరు పోతే ఇంకొకరొస్తారు. మనం గుప్పెడుమందిమి. ఆవిడ పోతే మిషను మీరు కుడతారా, నన్ను కుట్టమంటారా? జీతాలివ్వడం, సెలవులు రాసుకోవడం నేను చూసుకుంటాను. ఈ ఒక్కటీ నా వల్ల కాదు. నేను రోజూ బాగుందనే అంటాను. ఆవిడకి కావాల్సింది మీ నోటి మాట."

కోడలు పోయెను. ఊఁగారు ఒంటరిగా మిగిలెను. అప్పుడా వీరుడు, పైకి కిక్కురుమనక, లోలోపల తన నాలుకనుద్దేశించి మేఘగంభీరస్వరమున ఇట్లు గర్జించెను:

"ఓసీ కృతఘ్నజిహ్వా! మూడుపూటలా నాచే మేపబడి, చెక్కలవ్యాపారిని ఊపిరి తిప్పుకొనక గంటసేపు దూషింపగల ప్రతాపము గలదానవు, మూడక్షరముల ముందు మోకరిల్లెదవా? లెమ్ము! విజృంభింపుము! దంతప్రాకారమును ఛేదించుకొని వెలికురుకుము! లేనిచో రేపటినుండి ఆ మిషను నీవే కుట్టవలసివచ్చును!"

నాలుకకు పౌరుషము వచ్చినట్లే తోచెను. అంతట అతడు తుక్కుగుడ్డల గుట్టలను లంఘించి, స్పాంజిచుట్టల కనుమను దాటి, మిషనక్క ఎదుట నిలిచెను. ఆమె ముదురెరుపు ముసుగు మూల తిప్పుచుండెను. సూది ఉరుకుచుండెను. ఊఁగారు గొంతు సవరించుకొనెను. సవరించుకొన్న గొంతునే మరల సవరించుకొనెను. ఆ మూడక్షరములు వచ్చుచున్నవి, వచ్చుచున్నవి, ఇదిగో వచ్చినవి!

"గుడ్డ... బాగుంది" అనెను.

మిషనక్క తలయెత్తనైన ఎత్తలేదు. "ఆ మాట గుడ్డలకొట్టాయనకి చెప్పండి సార్, సంతోషిస్తాడు."

హతవిధీ! ఎక్కుపెట్టిన బాణము గురిని వదలి పక్కనున్న గోడకు తగిలెను. మొదటి మోహరమున మన వీరుడు వచ్చిన దారినే తిరుగుముఖము పట్టెను. అతని వీపును చూచుచు మిషనక్క మనసు పుటుక్కున తెగినది. గుడ్డ కనబడినది గాని, కుట్టినదాన్ని నేను కనబడలేదా ఈయనకు అని ఆమెకు ఏడుపు వచ్చినంత పనైనది.

ఓటమివార్త విని కోడలు నెత్తి కొట్టుకొనెను. పిదప, "సరే, నోరు పెగలకపోతే ముందు ఫోనుతో మొదలుపెట్టండి. ఈ రోజుల్లో చాలాచోట్ల అదే పద్ధతి. ఆవిడ కుట్టిన సోఫా ఫొటో మన గ్రూపులో పెట్టాను. దానికింద బొటనవేలి బొమ్మ నొక్కండి. మిగతాది సాయంత్రం నోటితో చెబుదురుగాని" అని నవీనాస్త్రమును ఉపదేశించెను.

మధ్యాహ్నభోజనానంతరము ఊఁగారు ఆ అస్త్రమును చేబూనెను. కళ్ళజోడు తుడిచెను. గ్రూపు తెరచెను. సోఫా ప్రత్యక్షమాయెను. ఎంత అందమైన సోఫా! గురిచూచి బొటనవ్రేలిని పైకెత్తి, గ్రద్ద కోడిపిల్లపై వాలినట్లు దించెను. కాని విధి ఎంతటి దుర్మార్గురాలనగా, వ్రేలు దిగు ఆ రెప్పపాటులోనే కొత్త సందేశమొకటి వచ్చి, సోఫాను పైకి నెట్టి, తాను దాని చోట కూర్చుండెను. ఆ సందేశము మిషనక్కది.

"రేపట్నించి నేను పనిలోకి రాను. ఇన్నాళ్ళూ కలిసి పనిచేసినందుకు అందరికీ థాంక్స్."

దానికింద, జగమంతయు చూచునట్లు, యజమాని బొటనవ్రేలు నిటారుగా నిలిచెను.

కార్ఖానా నలుమూలలనుండి ఫోనులన్నియు ఒక్కసారిగా కుయ్యిమనెను. ఫ్రేములు చేయు చెక్కమామ బిగ్గరగా, "అమ్మో! సార్ అప్పుడే ఓకే అనేశారే!" అనెను.

"తీసేయండి మావయ్యగారూ, తీసేయండి!" అని కోడలు స్పాంజిచుట్టల మీదినుండి దూకివచ్చెను. ఊఁగారు కంగారుగా తీసివేయబోయెను. బొటనవ్రేలు పోయినది. పోయి, దాని స్థానమున కన్నీళ్ళు కారునట్లు పకపక నవ్వు ముఖమొకటి వెలసినది.

మిషనక్క ఆ ముఖమును చూచెను. మిషను మీద గుడ్డ కప్పెను. కత్తెరను, కళ్ళజోడును, నీళ్ళసీసాను సంచిలో వేసికొనెను. సాయంత్రమువరకైన ఆగక చెప్పులు తొడుగుకొనెను.

అయ్యయ్యో ఊఁగారూ! ఇంత జరుగుచున్నను కదలరేమండీ? ఈమె కుట్టును మీరు ఏ కొనుగోలుదారు ఎదుట పొగడలేదు? ఇటువంటి చేయి మరెక్కడా లేదని భోజనము ముందు కూర్చున్నప్పుడెల్ల ఇల్లాలి చెవి తినివేయలేదా? పక్కనున్న పంటివైద్యునికి సైతము సోఫా మూల తడిమించి చూపలేదా? లోకమంతటికి చెప్పి, చెప్పవలసిన ఆ ఒక్కతెకు తప్ప!

భయము వేసెను అతనికి. నిజమైన భయము. తరువాతి ఆర్డరు ఏమగునన్నది కాదు. ఆ మూలన ఆమె లేని మిషను కన్నులకు కట్టెను. అంతట ఆ ధీరుడు, కొలతటేపు వీపున పతాకమై ఎగురుచుండగా, చెక్కకు గుడ్డ బిగించు పిన్నులగన్నుకు ఊపిరిపోయు కంప్రెసరు రణభేరియై మ్రోగుచుండగా, సగము కట్టిన సోఫాను ఒక్క దూకున దాటి, దాని కాలు విరిచి, గుమ్మమున ఆమెకు అడ్డుపడెను.

"బాగా... కుడతావమ్మా" అనెను.

అనెను! నిజముగా అనెను! కాని కంప్రెసరు హోరులో ఆ మాట ఆయన చెవికే అందలేదు.

"ఏంటి సార్?" అనెను మిషనక్క.

మరల చెప్పవలెనా! జన్మమంతయు కూడబెట్టిన ధైర్యము ఆ ఒక్క మాటకే ఖర్చైపోయెనే! ఊఁగారు దిక్కులు చూచెను. కోడలు రెండుచేతులు జోడించెను. చెక్కమామ జాలిపడి కంప్రెసరు మీటను ఆపెను. అతడాపుట, ఊఁగారు ఊపిరంతయు బిగబట్టి కేకవేయుట ఏకకాలమున జరిగెను.

"బాగా కుడతావన్నానమ్మా! ఇంత బాగా కుట్టేవాళ్ళని నేను పుట్టి చూళ్ళేదన్నాను! వినబడట్లేదా నీకు?"

ఆ నిశ్శబ్దమున ఆ గర్జన రేకులకు తగిలి, గోడలు దాటి, పక్కగదిలో నోరు తెరచి కూర్చున్న రోగి వరకును పోయెను.

మిషనక్క నివ్వెరపోయెను. తరువాత నవ్వెను. ఆ నవ్వుతోనే కన్నీళ్ళు జలజల రాలెను.

"దీనికి అంత కేకలెందుకు సార్? ఈ మాట మీకు ఎప్పట్నించి తెలుసు?"

"నువ్వొచ్చిన మొదటి రోజు నుంచి."

"మరి చెప్పరేం?"

ఊఁగారు తలవంచుకొనెను. ఆ తల పైకి లేవకుండగనే, ఏ అస్త్రము లేక, ఏ గర్జన లేక, మెల్లగా ఒక మాట వచ్చెను.

"భయమేసిందమ్మా. చెప్తే నీ విలువ నీకు తెలిసిపోయి, ఎక్కడికైనా వెళ్ళిపోతావేమోనని."

మిషనక్క పవిటచెంగుతో కళ్ళు తుడుచుకొనెను. "నా విలువ నాకెప్పుడూ తెలుసు సార్. మీకు తెలుసో లేదో తెలీకే పోతున్నా."

అని, సంచిని మిషను పక్కన దించి, చెప్పులు విడిచి, "ఆ విరగ్గొట్టిన కాలు ముందు అతికించండి" అని చెక్కమామకు ఆజ్ఞాపించెను.

జయము! దిగ్విజయము! దుందుభులు మ్రోగునుగాక! రాజ్యము రాలేదు, ధనరాశులు కురియలేదు, శత్రువు ఎవడును చావలేదు. ఒక మనిషి ఒక మనిషికి నిజము చెప్పెను, ఒక మిషను మీది గుడ్డ తొలగెను. గుప్పెడుమందితో వ్యాపారము నడుపుకొను యజమానులలో ఈ గాథ నాలకించిన వారి పనివారు ఎదురువీధికి టీ తాగుటకే పోవుదురు గాక, తాగిన వెంటనే తిరిగి వచ్చెదరు గాక!