చాయ్ దీక్ష

ముందే ఒప్పుకుంటున్నాను: ఈ కథలో తప్పంతా చాయ్‌దే. అయినా దాన్ని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు. మీకూ రాదు.

నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానకు కొత్త ఎంఆర్ఐ పద్ధతి వచ్చింది. గుండె కండకు నెత్తురు ఎంత అందుతోందో అది కొలుస్తుంది. ఇదివరకు స్కానింగులో ఊపిరి బిగబట్టాలి. ఇప్పుడు హాయిగా పీల్చుకోవచ్చు, రొమ్ము కదిలినా కంప్యూటరే సర్దుకుంటుంది. విజ్ఞానం రోగిని అడిగిందల్లా ఒక్కటే: ముందురోజు నుంచి చాయ్ తాగొద్దు. తాగితే పరీక్షలో గుండెను పరుగెత్తించడానికి ఇచ్చే మందు పనిచేయదు.

కేతేపల్లి భీమయ్యకు పొలం గట్టు ఎక్కితే రొమ్ము పట్టేస్తోంది. నెత్తురు సరిగ్గా అందుతుంటే గోలీలు, లేకుంటే కోత. కోత అంటే ఆయనకు హడల్. అందుకే చాయ్ మానేశాడు, నల్గొండలో వియ్యంకుడు ఎల్లేష్ ఇంట్లో దిగేదాకా.

"డాక్టరు వద్దన్నడు బావా."

"నీకు డాక్టరు వియ్యంకుడా, నేనా? పిల్లనిచ్చినోన్ని, నా ఇంట్ల చాయ్ ముట్టవా? మర్యాదల ఏం తక్కువ చేసినం?"

కుటుంబ గౌరవం దృష్ట్యా భీమయ్య తాగాడు. స్కానింగు వాయిదా.

రెండోసారి బస్సు దిగి నేరుగా దవాఖానకే వచ్చాడు. యంత్రం అప్పటికే నడుస్తున్నా, ప్రారంభోత్సవానికి ముహూర్తం ఆ రోజే కుదిరింది. "రోగి గుండెలోని ప్రతి నెత్తురు చుక్కకూ మా సంస్థదే పూచీ!" అని ఛైర్మన్ గోపీకృష్ణ గారు ప్రసంగించి, కెమెరాల ముందు స్వహస్తాలతో ఒక రోగికి చాయ్ అందించారు. ఆ అదృష్టవంతుడు భీమయ్య.

"తాగినవా పెద్దాయనా?" స్కానింగు చేసే షగుఫ్తా నెత్తి పట్టుకుంది.

"పెద్దసారు ఇచ్చిండు బిడ్డా. ఫొటో సక్కగ రాలేదని ఇంకో కప్పు గుడ ఇచ్చిండు."

మూడోసారి బయలుదేరేటప్పుడు భార్య అరుణమ్మ ఆయన మెడలో తులసిమాల వేసి, భుజాన నల్ల తువ్వాల కప్పింది.

"ఎవలన్న చాయ్ ఇస్తే దీక్షల ఉన్న అను."

"ఏ దేవుని దీక్ష అంటే?"

"ఎవ్వలడగరు, నడువు."

ఎవ్వరూ అడగలేదు. బస్టాండులో కప్పు పట్టుకొని ఎదురొచ్చిన ఎల్లేష్ "తప్పయింది స్వామీ" అని చెంపలేసుకున్నాడు. ఛైర్మన్ గారు చెప్పులు విడిచి దారిచ్చారు. స్కానింగు దివ్యంగా జరిగింది. కండకు నెత్తురు బాగానే అందుతోంది.

"కోత లేదంటనే! గోలీలే!" అని భీమయ్య వరండాలోనే గట్టిగా అరిచాడు. వెంట వచ్చిన అరుణమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని, "మెల్లగ, స్వాములు గట్ల అరవద్దు" అంది.

ఈ విజయాన్ని దవాఖాన యాజమాన్యం సవినయంగా తన ఖాతాలో వేసుకుంది. యంత్రం పక్కనే మాలధారణ గది కట్టిస్తోంది. గుండె పరీక్షల రంగంలో ఇది తదుపరి ముందడుగని ప్రకటించింది.

మీ ఇంట్లో డాక్టరు మాట చెల్లడానికి ఏ దేవుణ్ణి అడ్డం పెట్టాల్సి వచ్చిందో మాకు రాసి పంపండి. డాక్టరు ఏం చెప్పాడో రాయనక్కర్లేదు. అది మీకు గుర్తుండదు.